కొడవలి మీది ఎర్ర పూత

మైలుతుత్తం నీళ్లలో ఇనుప మేకు వేసి కాసేపు ఆగితే దాని మీద ఎర్రగా రాగి పూత పడుతుంది. ఇనుమే రాగిగా మారిపోయిందని పూర్వం ఐరోపా రసవాదులు కొందరు నమ్మారు. కంటికి కనిపించేది అదే కాబట్టి వాళ్లను మరీ ఎగతాళి చేయనక్కర్లేదు. కానీ మేకునే కాదు, నీళ్లనూ చూడాలి. నీలం రంగు వెలిసి లేతాకుపచ్చకు తిరుగుతుంది. అంటే రాగి మొదటినుంచీ నీళ్లలోనే ఉంది. ఇనుము కరిగి దాని చోట చేరింది. తూచి చూస్తే 56 గ్రాముల ఇనుము పోయినచోట దాదాపు 63.5 గ్రాముల రాగి వస్తుంది. వెండి ముక్క వేస్తే మాత్రం ఏమీ జరగదు. ఎలక్ట్రాన్లను వదులుకునే గుణం వెండికి రాగికన్నా తక్కువ.

మరి ఇనుముకన్నా చురుకైన అల్యూమినియం రేకు అవే నీళ్లలో చాలాసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుందేం? న్యాయమైన ప్రశ్నే. గాలి తగిలి ఏర్పడిన సన్నటి ఆక్సైడ్ పొర ఆ రేకును కప్పి ఉంచుతుంది. కాస్త ఉప్పు కలపండి, అందులోని క్లోరైడ్ ఆ పొరను ఛేదిస్తుంది, చర్య జోరందుకుంటుంది. లోహాల చురుకుదనపు వరుస తప్పు కాదు, లోహానికి నీళ్లు తగలాలి, అంతే. ఇదంతా బడిపాఠమేగా అనేవారు తోటల వైపు చూడాలి. తెగుళ్లకు చల్లే బోర్డో మిశ్రమానికి మైలుతుత్తాన్ని ఇనుప పాత్రలో కరిగించరు. సున్నపు నీళ్లు కలిపాక శుభ్రమైన కొడవలి ముంచి చూస్తారు. ఎర్రటి పూత పడిందా, కరిగిన రాగి ఇంకా మిగిలినట్టే. అలాగే చల్లితే ఆకులు మాడతాయి గనుక మరికాస్త సున్నం పోస్తారు.