ఉషస్తి వద్దన్న నీళ్లు

గుండెలో పాడైన కవాటాన్ని కోసి తీసేసి, దాని చోట ఆవు గుండె పైపొరతోనో పంది గుండె కవాటంతోనో చేసిన కొత్తదాన్ని కుట్టినప్పుడు, రోగి నమ్ముకున్న ధర్మానికి భంగం కలుగుతుందా అన్న ప్రశ్నను వైద్యం సాధారణంగా చికిత్సకు అడ్డుపడే సంశయంగానే చూస్తుంది తప్ప ఆలోచించదగ్గ సమస్యగా చూడదు. అనంతపద్మనాభస్వామి కోవెల, మూసీ నది పుట్టుక, నిజాం కాలంలో వెలసిన క్షయరోగుల ఆసుపత్రి ఒకే అనంతగిరి మీద ఉన్న వికారాబాద్ ప్రాంతంలో దైవమూ వైద్యమూ ఎన్నడూ దూరంగా ఉన్నవి కావు. తాండూరులో భావిగి భద్రేశ్వరస్వామిని కొలిచే వీరశైవులూ, తరతరాలుగా అక్కడ బతుకుతున్న ముస్లింలూ, వికారాబాద్‌లో మెథడిస్టు మిషన్ కాలం నుంచి ఉన్న క్రైస్తవులూ ఒకే ఓపీ చీటీల వరుసలో నిలబడతారు కాబట్టి, ఏదో ఒక్క మతం తరఫున జవాబు చెప్పి ఊరుకుంటే ఇక్కడ చెల్లదు.

గుండె గదుల మధ్యా, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాల మొదట్లోనూ ఉండి, రక్తాన్ని ముందుకే తప్ప వెనక్కి పోనివ్వని పలచని రెక్కల అమరికను కవాటం అంటారు. చిన్నతనంలో స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చిన గొంతునొప్పికి సరైన మందు పడకపోతే, ఆ జీవితో పోరాడాల్సిన శరీర రక్షణ వ్యవస్థ కొందరిలో గుండె కవాటాలను కూడా శత్రువుగా పొరబడి దెబ్బతీస్తుంది. కీళ్లవాత జ్వరంగా మొదలయ్యే ఈ జబ్బు ఇరుకిళ్లలో పెరిగే పేదపిల్లలనే ఎక్కువగా పట్టుకుని, ఎన్నో ఏళ్ల తర్వాత, మెట్లెక్కితే ఆయాసంగా, రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడనితనంగా బయటపడుతుంది. కవాటం బిగుసుకుపోయిన దశలో, తొడ మొదట్లోని సిర గుండా సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి, జపాన్ శస్త్రవైద్యుడు కంజీ ఇనోవే 1980ల్లో ప్రచారంలోకి తెచ్చిన బెలూన్‌ను అక్కడ ఉబ్బించి, అతుక్కున్న రెక్కలను విడదీయవచ్చు. ఆ పద్ధతిలో గుండెలో పరాయి పదార్థమేదీ మిగలదు. రెక్కలు సున్నం పట్టి గట్టిపడినా, రక్తం బాగా వెనక్కి కారుతున్నా రొమ్ముటెముకను నిలువునా కోసి, రక్తాన్ని యంత్రం మీదికి మళ్లించి, పొటాషియం కలిపిన చల్లని ద్రవంతో గుండెను ఆపి, కవాటాన్నే మార్చాల్సి వస్తుంది.

మార్చే కవాటాలు రెండు రకాలు. కార్బన్ వంటి గట్టి పదార్థాలతో చేసే యాంత్రిక కవాటం దశాబ్దాలు మన్నుతుంది, దాని టిక్కుటిక్కుమనే చప్పుడు నిశ్శబ్దమైన గదిలో పక్కవారికి కూడా వినిపించవచ్చు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ రూపొందించి 1990లో తొలిసారి రోగికి అమర్చిన చిత్రా కవాటం ఈ రకానిదే. అయితే దాని మీద రక్తం గడ్డకట్టకుండా బతికినంతకాలం వార్ఫరిన్, అసిట్రోమ్ వంటి మందు వేసుకుంటూ, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష తరచూ చేయించుకుంటూ, తోటకూర, పాలకూర వంటివి ఒక వారం దండిగా తిని మరో వారం మానేయకుండా జాగ్రత్తపడుతూ ఉండాలి. రెండో రకం జంతుకణజాలంతో చేసేది. ఫ్రెంచి శస్త్రవైద్యుడు అలాన్ కార్పెంటియే 1960ల చివర గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనంతో పంది కవాటాలను శుద్ధిచేసే పద్ధతి కనిపెట్టాక ఇవి నమ్మదగ్గవయ్యాయి. వీటికి జీవితాంతం ఆ మందు సాధారణంగా అవసరముండదు కానీ, 10, 15 ఏళ్లకు అరిగిపోతాయి, వయసులో ఉన్నవారిలో ఇంకా తొందరగా పాడవుతాయి. తాండూరు నాపరాయి గనిలో బండలు చీల్చే కూలీకి చెయ్యి తెగితే రక్తం ఆగకపోవడమూ, పిల్లల్ని కనాలనుకునే పడుచుకు వార్ఫరిన్ కడుపులోని బిడ్డకు చేటు చేయడమూ యాంత్రిక కవాటంతో వచ్చే చిక్కులైతే, పదేళ్లకో పదిహేనేళ్లకో మళ్లీ రొమ్ము తెరవడం రెండోదానితో వచ్చే చిక్కు. ఏ రకం ఎంచుకోవాలన్నది అందువల్ల వయసునూ బతుకుతెరువునూ తూచి తీసుకునే నిర్ణయమే అయినప్పుడు, ఆ తూకంలో విశ్వాసానికి మాత్రం చోటు లేదనడం న్యాయంగా తోచదు.

ఈ సమస్యకు హిందూ సంప్రదాయంలో అతి దగ్గరగా వచ్చే వృత్తాంతం ఛాందోగ్యోపనిషత్తు మొదటి అధ్యాయంలో ఉంది. కురుదేశంలో పంటలు నాశనమై కరువొచ్చినప్పుడు, ఉషస్తి చాక్రాయణుడనే పండితుడు భార్యతో ఏనుగులవారి ఊరికి చేరి, అక్కడ ఉడికిన గింజలు తింటున్న ఒకణ్ణి అన్నం అడుగుతాడు. తన ముందున్న ఎంగిలి గింజలు తప్ప వేరే లేవని అతడంటే, అవే పెట్టమని తీసుకుంటాడు. తర్వాత అతడు నీళ్లు కూడా ఇవ్వబోతే, అవి ఎంగిలివని ఉషస్తి వద్దంటాడు. గింజలు మాత్రం ఎంగిలివి కావా అని అతడు నిలదీస్తే, అవి తినకపోతే ప్రాణం నిలిచేది కాదనీ, నీళ్లు తనకు మరోచోట దొరుకుతాయనీ చెబుతాడు. ప్రాణం పోయే స్థితిలో ఏ ఆహారానికైనా అనుమతి ఉందని చెప్పే బ్రహ్మసూత్రానికి, మూడో అధ్యాయంలో, భాష్యకారులు చూపే ఆధారం ఈ కథే. చాలామంది దీన్ని ఆపదలో నియమం సడలుతుందనడానికే వాడుకుంటారు గానీ, కథ బరువంతా గింజల మీద కన్నా నీళ్ల మీదే ఉంది. ఆపద ఎంతవరకు ఉందో మినహాయింపు అంతవరకే ఉంటుంది. దాన్ని దాటి ఒక్క గుక్క కూడా చెల్లదు.

ఇస్లాం ధర్మశాస్త్రం మరో దారిన వచ్చి ఇదే గీత దగ్గర ఆగుతుంది. జరూరత్, అంటే తప్పించుకోలేని అవసరం, హరామ్ అయినదాన్ని కూడా అనుమతిస్తుందనే సూత్రం వెంటే, ఆ అవసరాన్ని దాని కొలత మేరకే లెక్కించాలనే మరో సూత్రం అక్కడ ఉంది. దక్కన్ ముస్లింలలో ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయంలో ఇస్తిహాలా అనే ఇంకో వాదం కూడా ఉంది. ఒక పదార్థం స్వభావమే పూర్తిగా మారిపోతే దాని మీద ఉన్న నిషేధం కూడా పోతుందని దాని సారం. ఉప్పుగనిలో పడిన గాడిద ఉప్పుగా మారిపోతే ఆ ఉప్పు పవిత్రమేనా అని పూర్వ పండితులు తర్కించారు. అబూ హనీఫా పవిత్రమేనంటే, ఆయన శిష్యుడు అబూ యూసుఫ్ ఒప్పుకోలేదు. గ్లుటరాల్డిహైడ్‌లో ఊరి, జీవకణాలు చచ్చి, కుళ్లడం మాని, తోలులా నిలిచే పంది కవాటం ఈ వాదానికి లొంగుతుందా అన్నది తేలిక ప్రశ్న కాదు, ఎందుకంటే దాని రూపమూ పనీ మారలేదు; గుండెలో అది చేసిన పనే మళ్లీ గుండెలో చేస్తోంది. జరూరత్ మీద ఆధారపడటమే ఇక్కడ గట్టి నేల అనిపిస్తుంది.

వీరశైవంలో సమస్య వేరు. లింగధారికి పుట్టుక, చావు, ఎంగిలి వంటి సూతకాలు అంటవని ఆ మతం చెబుతుంది కాబట్టి అంటు భయం తక్కువ. అయినా శాకాహారం నియమంగా పాటించేవారికి జంతుపదార్థం ఇబ్బందే, పైగా కత్తి పడేది ఇష్టలింగం వేలాడే రొమ్ము మీదనే. శరీరాన్ని విడిచి ఉండరాని లింగాన్ని, ఒంటిమీద లోహం ఉండకూడని ఆపరేషన్ గదిలో, దాన్ని దాచే వెండి లింగకాయ తీసి ఉట్టి బట్టలో చుట్టి రోగి ఒంటిమీదే మరోచోట ఉంచడానికి వీలుంటుందా అన్నది ముందురోజే మాట్లాడుకోవాల్సిన సంగతి, మత్తిచ్చే బల్ల దగ్గర తేల్చుకునేది కాదు. క్రైస్తవంలో ఆహార జంతువుల నిషేధం తొలితరంలోనే తొలగిపోయింది గనుక అక్కడ చర్చకు పెద్దగా తావులేదు.

ఉషస్తి గీసిన గీతను ఆపరేషన్ గదికి తెచ్చి చూస్తే అంతా ఒకే తీరుగా ఉండదు. గుండెను ఆపి యంత్రం మీద రక్తం తిప్పాలంటే అది గడ్డకట్టకుండా హెపరిన్ ఇవ్వక తప్పదు. స్టెంటు వేసేటప్పుడు కూడా సాధారణంగా ఇచ్చేది అదే. ఆ మందును ఎక్కువగా పంది పేగుల లోపలి పొర నుంచి తీస్తారు, దానికి బదులు వాడదగ్గవి ప్రత్యేక పరిస్థితులకే పరిమితం. కాబట్టి హెపరిన్ ఉషస్తి తిన్న గింజల కోవలోకి వస్తుంది. రొమ్ము కోసే శస్త్రచికిత్సకు తట్టుకోలేని ముసలివారికి, ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియే 2002లో తొలిసారి చేసినట్టు, తొడలోని రక్తనాళం గుండా గొట్టంతో పంపి అమర్చే కవాటం కూడా ఆవు లేదా పంది పొరతో చేసిందే. యాంత్రిక కవాటాన్ని అలా మడిచి పంపడం కుదరదు గనుక అదీ గింజలే. కానీ నలభై ఏళ్ల రోగికి రొమ్ము తెరిచి కవాటం మార్చేటప్పుడు రెండు రకాలూ అందుబాటులో ఉంటే, జంతుకవాటం ఉషస్తి వద్దన్న నీళ్ల వంటిది కావచ్చు, వార్ఫరిన్ సరిగా వాడుకునే వీలు లేని మనిషికైతే అదే గింజలు కావచ్చు. మరోచోట నీళ్లున్నాయని తెలిసింది గనుకనే ఉషస్తి వద్దనగలిగాడు. యాంత్రిక కవాటం ఒకటుందని, అమర్చబోయేది ఫలానా జంతువుదని చెప్పని చోట, రోగి తాను ఆపదలో ఉన్నాడో లేడో కూడా తేల్చుకోలేడు. అతడి తరఫున ఆపద్ధర్మం పేరు చెప్పి మాట దాచేవాడు ఆ ధర్మాన్ని పునాదిలోనే కూలుస్తున్నాడు.

చెబితే భయపడి ఆపరేషన్ మానేసి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడన్న భయం వైద్యులకు ఉంటుంది, దాన్ని తీసిపారేయడానికి లేదు. మహాభారత కర్ణపర్వంలో కృష్ణుడు చెప్పే కౌశికుడి కథ కూడా వారికే అనుకూలమనిపిస్తుంది: దొంగలకు నిజం చెప్పి అమాయకుల చావుకు కారణమైన ఆ తపసి నరకానికి పోయాడు. అయితే కౌశికుడి నిజం వెళ్లింది చంపేవాడి చెవికి. కవాటం గురించిన నిజం వెళ్లేది బతకాల్సినవాడి చెవికే, ఆ శరీరం అతడిదే. పైగా పూజారినో మౌల్వీనో అడిగితే అనుమతే దొరికే అవకాశం ఎక్కువని రెండు సంప్రదాయాల సూత్రాలూ చూపిస్తున్నాయి కాబట్టి, ఆ భయానికి ఆధారం తక్కువ.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వచ్చాక తెల్లకార్డు ఇంటివారికి కూడా కవాటం మార్పిడి అందుబాటులోకి రావడం చిన్న విషయం కాదు. ఆ పథకం కింద ఆసుపత్రిలో కాగితాలు చూసే ఆరోగ్యమిత్ర, సంతకం పెట్టే ముందు రోగికి తెలుగులోనో ఉర్దూలోనో, తాండూరు సరిహద్దు పల్లెలవారికి కన్నడంలోనో, కవాటం దేనితో చేశారో చదివి వినిపించవచ్చు. అంతకన్నా ముందే ఆ మాట జరగడానికి కూడా వీలుంది. ఈ జబ్బు ఒక్కరోజులో ముంచుకొచ్చేది కాదు. కీళ్లవాత జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకొకసారి వేసే పెన్సిలిన్ సూదికి రోగి ఏళ్ల తరబడి దగ్గరి ఆసుపత్రికే వస్తూ ఉంటాడు, 2023లో వికారాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. హైదరాబాదు రైలెక్కకముందే, ఇంటి పెద్దలు పక్కనుండగా, తెలిసిన డాక్టరు ముందు కూర్చుని రెండు రకాల కవాటాల మంచిచెడ్డలు అడిగి తెలుసుకోవడానికి ఆ ఏళ్లన్నీ చాలినంత సమయమే.