మనిషి మాట, మెదడు సాక్ష్యము

దేహము మారుచుండగా దేహి నిలిచియుండునా అను ప్రశ్న భారతీయ దర్శనములంత పాతది. దేహముకంటె వేరుగా ఆత్మ లేదని చార్వాకులు వాదించిరి. కిణ్వము చేరిన ధాన్యమునుండి మదశక్తి పుట్టినట్లు భూతముల కూడికనుండియే చైతన్యము పుట్టునని వారి మతము. నిన్న కంటితో చూచిన వస్తువును నేడు చేతితో తాకి, చూచినదియు తాకినదియు నేనే అని గుర్తించువాడు దేహేంద్రియములకు వేరైనవాడే కావలెనని నైయాయికులు బదులు చెప్పిరి. బౌద్ధులు రాత్రియెల్ల వెలుగు దీపమును చూపిరి: తొలిజాము జ్వాలయు కడజాము జ్వాలయు ఒకటియు కావు, వేరును కావు. ఈ ప్రాచీన వివాదము నేడు వైద్యుని గదిలో క్రొత్త రూపమున ఎదురగుచున్నది.

పుట్టుకనాడు నిర్ణయింపబడిన లింగము తమది కాదని ఎరిగిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తులలో కొందరు హార్మోను చికిత్సను కోరుదురు. స్త్రీగా జీవింపదలచినవారికి ఈస్ట్రోజెనును, సామాన్యముగా దానితోపాటు పురుష హార్మోనును అణచు ఔషధమును ఇత్తురు. పురుషుడుగా జీవింపదలచినవారికి టెస్టోస్టిరోనును ఇత్తురు. మొదటివారిలో స్తనములు ఏర్పడును, చర్మము మృదువగును. రెండవవారిలో గొంతు గంభీరమగును, మీసము మొలచును. అయితే రక్తములో కలిసిన హార్మోను కంఠము కడ ఆగిపోదు. దానికి స్పందించు కణములు మెదడులోను కలవు. అనుభవమును, అభ్యాసమును, రసాయనములను అనుసరించి తన నిర్మాణమును మార్చుకొను మెదడు గుణమును శాస్త్రజ్ఞులు ప్లాస్టిసిటీ అందురు. తెలుగున నమ్యత అనవచ్చును. ఆడ ఎలుక ఋతుచక్రము నాలుగైదు దినములది. ఆ కొద్ది దినములలోనే, జ్ఞాపకమునకు ఆధారమైన హిప్పోకాంపసు అను భాగమున నాడీకణముల కొమ్మలపైని సన్నని మొలకలు పెరిగి తగ్గుచున్నవని 1990లో అమెరికా పరిశోధకులు చూపిరి.

మనుష్యుల విషయమున ఈ ప్రశ్నను సూటిగా పరీక్షించిన పరిశోధన యొకటి 2006లో నెదర్లాండ్సునుండి వెలువడినది. ఈస్ట్రోజెను చికిత్స కోరిన 8మందిని, టెస్టోస్టిరోను చికిత్స కోరిన 6గురిని చికిత్సకు ముందొకమారు, నాలుగు మాసముల పిమ్మట మరియొకమారు ఎం.ఆర్.ఐ. యంత్రముతో పరీక్షించిరి. మొదటివారి మెదడు పరిమాణము కొంత తగ్గి స్త్రీల కొలతలవైపునకు, రెండవవారిది కొంత పెరిగి పురుషుల కొలతలవైపునకు జరిగెను. పరీక్షకు నిలిచినవారు పదునలుగురే. పైగా పరిమాణము తగ్గుట బుద్ధి తగ్గుట కాదు. కణములు నశించినవనియు దానివలన తేలదు. అయినను వయోజనుల మెదడు సయితము హార్మోనునకు లోబడి మారునని ఈ పరిశోధన సూచించినది.

ఈ నమ్యతయే ఒక పూర్వనిర్ణయమును చిక్కులో పెట్టినది. 1995లో ఆమ్‌స్టర్‌డాము పరిశోధకులు, మరణించిన 6గురు ట్రాన్స్‌జెండర్ స్త్రీల మెదళ్లను పరిశీలించి, అందలి ఒక చిన్న కణసముదాయము పురుషులలోవలె పెద్దదిగా గాక స్త్రీలలోవలె చిన్నదిగా ఉన్నదని ప్రకటించిరి. లోకము దీనిని 'పురుష దేహములో స్త్రీ మెదడు' అని కుదించి చెప్పుకొన్నది. కాని ఆ ఆరుగురును జీవితకాలమున ఈస్ట్రోజెను తీసికొన్నవారే. అట్లయినచో కణసముదాయము చిన్నదగుట వారి స్వభావమునకు కారణమా, చికిత్సకు ఫలమా? ఇతర కారణములచేత హార్మోనులు మారిన రోగుల మెదళ్లతో పోల్చి, అది చికిత్సాఫలము కాదని పరిశోధకులు వాదించిరి. 2002లో మరియొక సంగతి బయటపడినది: ఆ కణసముదాయమున స్త్రీపురుషభేదము వయస్సు వచ్చిన పిమ్మటనే స్పష్టమగుచున్నది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులలో పెక్కుమంది తమ భిన్నత్వమును బాల్యముననే ఎరుగుదురు. కావున ఆ ఎరుకకు ఈ కొలతయే మూలమని చెప్ప వీలులేకపోయెను. 2015లో ఇజ్రాయెలు శాస్త్రవేత్త డాఫ్నా జోయెల్, ఆమె సహచరులు 1,400కు పైగా మెదళ్ల చిత్రములను పరిశీలించి, ఆద్యంతము స్త్రీలక్షణములే, లేక పురుషలక్షణములే గల మెదడు అరుదని తెల్పిరి. పెక్కుమందిలో రెండును కలగలసియే ఉండును. మారు స్వభావము గల సాక్షిని ఒక్క దినము విచారించి శాశ్వతమైన తీర్పు వ్రాయుట ఎట్లు?

ఎదుటిపక్షము ఇక్కడ ఒక ప్రశ్న వేయును. మెదడు అంత నమ్యమైనదే యైనచో, దేహమును మార్చుటకు బదులు మనస్సునే దేహమునకు తగినట్లు వంచరాదా? ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. కాని నమ్యత వేరు, విధేయత వేరు. 1960లలో కెనడాలో ఒక మగశిశువు శస్త్రచికిత్సలో జరిగిన ప్రమాదమున అంగమును కోల్పోగా, వైద్యుల సలహాపై అతనిని బాలికగా పెంచిరి; యుక్తవయస్సున ఈస్ట్రోజెను సయితము ఇచ్చిరి. అయినను ఆ జీవితము అతనికి ఇమడలేదు. తన కథ తెలిసిన 14వ యేట అతడు పురుషుడుగా జీవింప నిశ్చయించుకొనెను. 1997లో ఈ వృత్తాంతము వైద్యపత్రికలో వెలువడినది. ఒక్క జీవితము సిద్ధాంతమును నిలబెట్టజాలదు. కాని గర్వమును అణచగలదు. మొక్కై వంగనిది మానై వంగునా యని సామెత. ఇక్కడ పెంపకమును, ఔషధమును రెండును ప్రయోగించినను మొక్కయే వంగలేదు. హార్మోను మెదడు కొలతలను మార్చవచ్చును. తాను ఎవరో అను ఎరుకను అది ఆజ్ఞాపింపజాలదు.

అంతకంటె కఠినమైన ప్రశ్న సమ్మతిని గూర్చినది. చికిత్సకు ఒప్పుకొనువారు ఒకరు, దాని పిమ్మట జీవించువారు మరియొకరు అగుదురా? తొలి గర్భము స్త్రీ మెదడున కొన్ని తావుల బూడిదరంగు పదార్థమును తగ్గించుననియు, ఆ మార్పు కనీసము రెండేండ్లు నిలుచుననియు 2017లో ప్రచురితమైన స్పెయిను పరిశోధన తెల్పినది. అంతమాత్రమున తల్లియైన స్త్రీ వేరొక వ్యక్తి యని ఎవరును అనరు. మారిన పిమ్మట 'ఆనాడు కోరినదియు, ఈనాడు ఉన్నదియు నేనే' యని గుర్తింపగలుగుటయే నైయాయికుల గీటురాయి. ఆ గుర్తింపు నిలిచినంతవరకు సమ్మతియు నిలుచును. అయితే తెలిసి ఇచ్చినదే సమ్మతి. మారిన గొంతు మరల పూర్వమువలె కాదనియు, సంతానశక్తి దెబ్బతినవచ్చుననియు ముందుగా విప్పి చెప్పుట వైద్యుని ధర్మము. తొందరపెట్టుట, అకారణముగా త్రిప్పుట, రెండును ఆ ధర్మమునకు లోపములే.

2014 ఏప్రిల్ 15న భారత సర్వోన్నత న్యాయస్థానము, లింగనిర్ణయమున దేహపరీక్షకంటె వ్యక్తి మనోభావమునకే ప్రాధాన్యము ఈయవలెననియు, శస్త్రచికిత్స చేయించుకొన్ననే గుర్తింతుమనుట అనైతికము, చట్టవిరుద్ధము ననియు తీర్పు చెప్పెను. ఆ తీర్పు మెదడు చిత్రముపై ఆధారపడలేదు. అందొక వివేకము కలదు. గౌరవమును ఒక కణసముదాయపు కొలతపై నిలిపినచో, ఆ కొలత తప్పని తేలిననాడు గౌరవమును కూలిపోవలసివచ్చును. ఆ కొలత సరిపడనివారు తమ మాట నిజమే యైనను అబద్ధీకులుగా నిలువవలసివచ్చును. మెదడు మంచి సాక్షియే. దేహమును మనస్సును ఒండొంటికి పరాయివి కావని అది చెప్పుచున్నది. చికిత్స ఎట్లు పనిచేయునో, ఎచట జాగ్రత్త వలయునో తెలిసికొనుటకు ఆ సాక్ష్యము అవసరము. ఒక మనిషి తానెవరో చెప్పుకొన్నపుడు వినవలెనా వలదా యని తేల్చుట మాత్రము దాని పని కాదు. ఆ బాధ్యత వినువారిది.