చీటీ పడని యోసేపు



ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. పిల్లవాడికి తొమ్మిదేళ్లు ఉంటాయేమో. కాళ్లకు కొత్త క్యాన్వాస్ బూట్లున్నాయి. "ఫాదర్‌గారూ, వీనికి రెండు మంచి మాటలు చెప్పండి. మూడు రోజుల సంది సరిగ్గ తింటలేడు" అన్నాడు ఆ తండ్రి. విషయం ఏమిటంటే, బాలుడు ఆటల బడి ఎంపికలకు వెళ్లాడు. మండలంలో పేరు వచ్చింది, జిల్లాలోనూ వచ్చింది, రాష్ట్రస్థాయిలో రాలేదు. మేనమామ కొనిపెట్టిన బూట్లవి. ఊరంతా సాగనంపింది. తిరిగి వచ్చేటప్పుడు ఎవరికీ కనపడకూడదని తండ్రీ కొడుకులు చీకటి పడేదాకా బస్టాండులోనే కూర్చున్నారట.

పిల్లవాడు తల ఎత్తకుండానే అడిగాడు: "నేను మంచిగనే ఉరికిన ఫాదర్. మరి దేవుడు నా పేరు ఎందుకు పిలువలే?"

అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. తలమీద చేయి ఉంచి దీవించి పంపాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. జనగామలోనూ, మహబూబాబాదులోనూ, భూపాలపల్లిలోనూ ఈ ప్రశ్న మింగి కూర్చున్న పిల్లలు ఎందరో ఉంటారు. అందుకే ఈ వారం దీని గురించి మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

ఎంపికలు ఎలా జరుగుతాయో మొదట చూద్దాం. హైదరాబాదు దగ్గర హకీంపేటలో 1993లో స్థాపించిన క్రీడా పాఠశాల ఉంది. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో అటువంటివే మరి రెండు ఉన్నాయి. నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. ముందు మండలంలో, తర్వాత జిల్లాలో, చివరకు రాష్ట్రస్థాయిలో పరీక్షలు జరుగుతాయి. పిల్లవాడి ఎత్తు కొలుస్తారు, బరువు తూస్తారు. ముప్పై మీటర్లు పరుగెత్తిస్తారు, షటిల్ రన్ చేయిస్తారు, నిలుచున్న చోటి నుంచి ముందుకు దూకిస్తారు, పైకి ఎగిరిస్తారు, మెడిసిన్ బాల్ విసిరిస్తారు, ఎనిమిది వందల మీటర్లు ఉరికిస్తారు. ప్రతిదానికీ మార్కులు ఉంటాయి. సీట్లు ఒక్కో పాఠశాలలో నలభై దాకా ఉంటాయి. రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలు వస్తారు. నలభై మందిని తీసుకుంటే మిగిలినవాళ్లు ఇంటిదారి పట్టవలసిందే. ఇందులో ఎవరి తప్పూ లేదు. టేపు ఎత్తును కొలుస్తుంది, గడియారం వేగాన్ని కొలుస్తుంది. ఆ ఉదయం పిల్లవాడికి జ్వరం ఉందో లేదో, రాత్రంతా బస్సులో నిద్ర లేకుండా వచ్చాడో లేదో టేపుకు తెలియదు. వచ్చే ఐదేళ్లలో వాడు ఎంత ఎదుగుతాడో గడియారానికి తెలియదు.

పెద్దల ఆటల్లోనూ ఇదే సంగతి. 2024 నవంబరు 24, 25 తేదీల్లో సౌదీ అరేబియాలోని జెడ్డా నగరంలో ఐపీఎల్ క్రికెట్ వేలం జరిగింది. పేరు నమోదు చేసుకున్నవారు 1,574 మంది. తుది జాబితాకు చేరినవారు 577 మంది. జట్లు కొనుక్కున్నది 182 మందిని. రిషభ్ పంత్‌కు 27 కోట్ల రూపాయలు పలికిన సంగతి మర్నాడు పిల్లలందరి నోటా వినిపించింది. టీవీ ముందు కూర్చొని తమ పేరు కోసం ఎదురుచూసి, చివరకు లేచి వెళ్లి పడుకున్న దాదాపు 1,400 మంది గురించి ఎవరు మాట్లాడారు? ఆస్ట్రేలియా దేశంలో వాళ్లదే అయిన ఒక ఫుట్‌బాల్ ఆట ఉంది. అక్కడ 1986 నుంచి ఏటేటా క్లబ్బులు వంతులవారీగా కుర్రవాళ్లను ఎంచుకుంటాయి. అక్కడి ఇళ్లలోనూ ఆ రాత్రి కొందరు తల్లులు స్వీట్లు పంచుతారు, కొందరు తల్లులు కొడుకు గది తలుపు ముందు నిలబడి ఏం మాట్లాడాలో తెలియక వెనుదిరుగుతారు. దేశం ఏదైనా ఆ తలుపు ఒకటే.

ఇప్పుడు పవిత్ర గ్రంథం తెరుద్దాం. ఇటువంటి సందర్భంలో మనం సాధారణంగా దావీదు కథ చెబుతాం. సమూవేలు ప్రవక్త బెత్లెహేముకు వచ్చాడు. యిషాయి తన కుమారులను వరుసగా నిలబెట్టాడు. పెద్దవాడైన ఎలియాబు ఎత్తూ రూపమూ చూసి ప్రవక్తే పొరబడ్డాడు. గొర్రెల వెంట పొలంలో ఉన్న కడగొట్టు కొడుకును పిలవాలన్న ఆలోచన కన్నతండ్రికే రాలేదు. అయినా దేవుడు వానినే కోరుకున్నాడు. ఇది మంచి కథే. అయితే ఇందులో చివరకు దావీదు రాజవుతాడు. ఎంపిక కానివాడు ఆ తర్వాత కూడా ఎంపిక కాకపోతే? ఆ కథ చెప్పేవారు తక్కువ. అది కూడా పవిత్ర గ్రంథంలో ఉంది. అపోస్తలుల కార్యములు మొదటి అధ్యాయం చదవండి.

ప్రభువు పరలోకానికి ఆరోహణమయ్యాడు. యూదా వదిలిపోయిన స్థానం ఖాళీగా ఉంది. సుమారు నూట ఇరవై మంది కూడి ఉండగా పేతురు లేచి, అర్హత ఏమిటో చెప్పాడు. యోహాను జ్ఞానస్నానం ఇచ్చిన కాలం మొదలు ప్రభువు ఆరోహణం వరకు తమతో కలిసి తిరిగినవాడై ఉండాలి. ఆ అర్హతకు ఇద్దరు నిలిచారు. ఒకరు మత్తియ. రెండవవారు యోసేపు. అందరి హృదయాలూ ఎరిగిన ప్రభువును ప్రార్థించి చీట్లు వేశారు. చీటీ మత్తియ పేరిట పడింది.

మరి యోసేపు? ఆయన కూడా అన్నేళ్లూ ప్రభువు వెంట నడిచినవాడే. ఎండలో తిరిగాడు, ఆకలితో పడుకున్నాడు. ఆయన అర్హతలో లోపం ఉన్నదని ఎక్కడా లేదు. అందరి ఎదుటా పేరు ప్రతిపాదించారు, అందరి ఎదుటా పేరు రాలేదు. ఎంత నొప్పి అయి ఉంటుంది! ఆ తర్వాత ఆయన పేరు మళ్లీ ఆ గ్రంథంలో కనపడదు. ఆయన అలిగి వెళ్లిపోయాడని మాత్రం లూకా రాయలేదు.

నేను ఆ వచనం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఈమధ్యనే ఒక సంగతి గమనించాను. ఎంపికైన మత్తియకు లూకా ఒక్క పేరే రాశాడు. ఎంపిక కాని ఆయనకు మూడు పేర్లు రాశాడు: యోసేపు, బర్సబ్బా, యూస్తు. యూస్తు అంటే నీతిమంతుడు. చీటీ పడలేదు కాని పేరు పోలేదు. సంఘం ఆయనను మరచిపోలేదు.

ఇంకొకటి చూడండి. కొద్ది రోజులకే పెంతెకోస్తు పండుగ వచ్చింది. అందరూ ఒకచోట కూడి ఉండగా పవిత్రాత్మ అగ్నిజ్వాలల వలె దిగివచ్చి ఒక్కొక్కరి మీద నిలిచాడు. ఆ నూట ఇరవై మందితో పాటు యోసేపు కూడా అక్కడే ఉన్నాడనుకోవడం సహజం. పన్నెండు స్థానాలకు చీటీ ఉంది. అగ్నికి చీటీ లేదు. స్థానాలు లెక్కపెట్టి ఇస్తారు, ఆత్మను లెక్కపెట్టి ఇవ్వరు. ఆ పిల్లవాడికి నేను ఇవ్వవలసిన జవాబు ఇదే: "బాబూ, ఆ రోజు చదివింది స్థానాల జాబితా. దేవుడు నిన్ను పేరు పెట్టి పిలిచింది నీ జ్ఞానస్నానం నాడు. ఆ పేరును ఎవరూ కొట్టివేయలేరు."

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఎంపిక కానివారిని ఓదార్చబోయి మనం కొన్నిసార్లు అబద్ధం చెబుతాం. "ఏం ఫరవాలేదు, రేపు నువ్వే పెద్ద ఆటగాడివి అవుతావు" అంటాం. కావచ్చు, కాకపోవచ్చు. మన వి.వి.ఎస్. లక్ష్మణ్‌ను చూడండి. 2001లో కోల్‌కతాలో ఆస్ట్రేలియాపై 281 పరుగులు చేసిన మనిషి. 2003 ప్రపంచకప్ జట్టులో ఆయన పేరు లేదు. ఆట మానేద్దామా అన్నంతగా మనసు విరిగిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. కాని మళ్లీ బ్యాటు పట్టాడు. 2003 డిసెంబరులో అడిలైడ్‌లో 148 పరుగులు చేశాడు. ద్రావిడ్‌తో కలిసి 303 పరుగులు జోడించి ఆ టెస్టును గెలిపించడంలో తన వంతు చేశాడు. మొత్తం 134 టెస్టులు ఆడాడు. అయినా ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ కూడా ఆడకుండానే 2012లో రిటైరయ్యాడు. ఆ తలుపు ఆయనకు చివరిదాకా తెరుచుకోలేదు. అందువల్ల ఆయన చిన్నవాడయ్యాడా?

మనకు దగ్గరి ఊరి కథ ఒకటి చెబుతాను. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలో కల్లెడ అనే ఊరు ఉంది. అక్కడ కూలి పని చేసుకొనే దంపతులకు 2003లో ఒక ఆడపిల్ల పుట్టింది. మేధో వైకల్యం ఉన్న పిల్ల. రూపం చూసి ఇరుగుపొరుగు వెక్కిరించారు. ఎక్కడైనా ఆశ్రమంలో వదిలిపెట్టండని చెప్పినవారు కూడా ఉన్నారు. తల్లిదండ్రులు వదలలేదు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆ పిల్ల పరుగు చూశాడు. తర్వాత కోచ్ నాగపురి రమేష్ చూసి హైదరాబాదు తీసుకువెళ్లి శిక్షణ ఇచ్చాడు. ఆ అమ్మాయే జీవంజి దీప్తి. 2024 మే నెలలో జపాన్‌లోని కోబే నగరంలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి, తన విభాగంలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్య పతకం తెచ్చింది.

పతకం గురించి చెప్పడానికి ఈ కథ ఎత్తుకోలేదు. పతకం రాకముందు ఎన్ని ఏళ్లు గడిచాయో ఆలోచించండి. ఆ ఏళ్లన్నిటిలో ఆమెకు ఉన్నది ఏమిటి? వదిలిపెట్టని తల్లి, వదిలిపెట్టని తండ్రి, ఆగి చూసిన ఒక మాస్టారు. అటువంటి మాస్టారు కంట పడని దీప్తులు మన తండాల్లో, మన గూడేల్లో ఎందరున్నారో దేవునికే ఎరుక. పతకం వచ్చినా రాకపోయినా వాళ్లకు కావలసింది ఆ వదలని చేతులే.

కాబట్టి తల్లిదండ్రులారా, మీతో ఒక మాట. పేరు రాని రోజు సాయంత్రం మీ నోటి నుంచి వచ్చే మొదటి మాటను ఆ బిడ్డ ముప్పై ఏళ్లయినా మరచిపోడు. "ఇంత ఖర్చు పెట్టినం, పైసలు దండుగ" అనకండి. "ఫలానావాళ్ల పిల్లను చూడు" అనకండి. ముందు అన్నం పెట్టండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మర్నాడు పొద్దున బూట్లు మూలకు విసిరేస్తే మీరే తీసి దులిపి గడప దగ్గర పెట్టండి. పరుగు వాడిది, సీటు మాత్రమే వాళ్లది. సీటు పోతే పరుగు పోనక్కరలేదు. చదువు కూడా పోనక్కరలేదు.

మరొకటి. ఎక్కడైనా సిఫారసుల వల్లనో లంచం వల్లనో బిడ్డకు అన్యాయం జరిగిందని మీకు రూఢిగా తెలిస్తే, దానిని దేవుని చిత్తమని సరిపెట్టుకోకండి. మర్యాదగా, ధైర్యంగా అడగండి. మనుషులు చేసిన తప్పును దేవుని మీద వేయడం భక్తి కాదు. కాని న్యాయంగా ఓడిన చోట నింద వెదకడం కూడా పిల్లలకు నేర్పవద్దు.

ఎంపికైన పిల్లల తల్లిదండ్రులారా, మత్తియకు దక్కినది కూర్చునే పీఠం కాదు, పునరుత్థానానికి సాక్షిగా మోయవలసిన భారం. మీ బిడ్డ పేరు చదివిన చోటే మరొక బిడ్డ పేరు ఆగిపోయింది. బస్సు ఎక్కేముందు ఆ బిడ్డ భుజం తట్టి రమ్మని మీవాడికి చెప్పండి.

ఇక మన విచారణల సంగతి. గెలిచినవారికి పూజ తర్వాత శాలువా కప్పుతాం, ఫొటో తీస్తాం. మంచిదే. పేరు రానివారి ఇంటికి ఎవరు వెళుతున్నారు? ఉపదేశిగారు ఒక సాయంత్రం వెళ్లి ఆ గడపలో కూర్చొని మంచినీళ్లు అడిగి తాగితే చాలు. మన బడుల ఆటస్థలాలు ఆదివారం మధ్యాహ్నం గేటు వేసి ఉంటున్నాయి. వాటిని తెరవండి. ఒక కబడ్డీ కోర్టు గీయడానికి పిడికెడు సున్నం చాలు. సింగరేణి నుంచి రిటైరైనవారిలో, రైల్వేలో పనిచేసినవారిలో ఒకనాడు వాలీబాల్, కబడ్డీ ఆడినవారు మన సంఘాల్లోనే ఉంటారు. వారిని అడగండి, వస్తారు. పదకొండో వాడినీ, పన్నెండో వాడినీ, ఆఖరున ఉరికేవాడినీ ఆడనిచ్చే చోటు ఒకటి ఉండాలి. విచారణ కాకపోతే అది ఇంకెక్కడ ఉంటుంది?

యువతీ యువకులారా, మీ పేరు రాని రోజున యోసేపును తలచుకోండి. ఆయన ఆ గదిలోనే ఉండిపోయాడు. మత్తియను ఆలింగనం చేసుకొని ఉంటాడు. మీరూ వెళ్లిపోకండి. ఇంటిని, బడిని, సంఘాన్ని విడిచి ఒంటరిగా చీకట్లో కూర్చోకండి. దేవుడు మిమ్మల్ని అక్కరలేదని పక్కన పెట్టలేదు.

ప్రార్థన చేద్దాం. హృదయాలను ఎరిగిన ప్రభువా, ఈ ఏడు పేరు వినపడని మా బిడ్డలను మీ చేతికి అప్పగిస్తున్నాం. వారి కాళ్లలో బలం తగ్గనివ్వకండి, వారి గుండెలో చేదు చేరనివ్వకండి. వారిని చూసే కళ్లు మాకు ఇవ్వండి. గెలిచినవారికి వినయం, ఓడినవారికి ధైర్యం, అందరికీ మీ ఆత్మను ప్రసాదించండి. ఆమెన్.