దానం చేస్తూ ఫోటో దిగితే పుణ్యం పోతుందా?



ఈ ఫోటో మీ ఊరి వాట్సాప్ గ్రూప్‌లో మీరు చూసే ఉంటారు. ఊరు నల్లగొండ కావచ్చు, మిర్యాలగూడ కావచ్చు, మహబూబ్‌నగర్ కావచ్చు, వనపర్తి కావచ్చు. వెనక పెద్ద ఫ్లెక్సీ. మధ్యలో ఒక ముసలమ్మ. ఆమె చేతిలో ఒక దుప్పటి. ఆ ఒక్క దుప్పటికి అటు ఇటు పది చేతులు. పది మందీ కెమెరా వైపు చూస్తున్నారు. ముసలమ్మ మాత్రం నేల చూస్తోంది.

హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు ఈ ఫోటో చూసి నవ్వుకుంటారు. "సేవ కాదండీ, షో" అంటారు. ఇంకొంచెం ఆలోచించేవాళ్ళు నన్ను సూటిగానే అడుగుతారు: "ఇట్లా ఫోటో దిగి ఇచ్చిన దానానికి పుణ్యం ఉంటుందా? కుడి చెయ్యి ఇస్తే ఎడమ చేతికి తెలియకూడదు అంటారు కదా?"

మంచి ప్రశ్నే. కానీ ఈ ప్రశ్నలో మన చూపంతా ఇచ్చేవాడి మీదే ఉంది. వాడి మనసు శుద్ధమా కాదా, వాడి ఖాతాలో పుణ్యం పడిందా లేదా అని చూస్తున్నాం. ఆ ముసలమ్మ ఇక్కడ కూడా పక్కకే పోయింది. ఇంకో వైపు నుంచి చూద్దాం రండి.

ముందు ఈ క్లబ్బుల సంగతి

మీలో చాలామందికి లయన్స్ క్లబ్, రోటరీ క్లబ్, వాసవి క్లబ్ అంటే బోర్డుల మీద పేర్లే. లోపల ఏం జరుగుతుందో తెలియదు. కొంచెం చెప్తాను.

1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని చికాగోలో పాల్ హారిస్ అనే లాయరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజినీరు, ఒక దర్జీ, నలుగురూ ఒక ఆఫీసు గదిలో కూర్చున్నారు. ఒకసారి ఒకరి ఆఫీసులో, ఇంకోసారి ఇంకొకరి ఆఫీసులో, చక్రం తిరిగినట్టు మీటింగ్ తిరిగేది. అందుకే రోటరీ అని పేరు. మొదట్లో అది స్నేహం కోసం, వ్యాపార పరిచయాల కోసం పెట్టుకున్న గుంపు. సేవ తరవాత వచ్చింది. వాళ్ళు 1907లో చేపట్టిన మొదటి పెద్ద సేవా పని ఏంటో తెలుసా? ఊళ్ళో పబ్లిక్ టాయిలెట్ కట్టించడం. 1917లో అదే చికాగోలో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్స్ వ్యాపారి లయన్స్ మొదలుపెట్టాడు. 1925లో హెలెన్ కెల్లర్ వాళ్ళ సభకు వచ్చి, చూపు లేనివాళ్ళ కోసం పని చేయమని అడిగింది. ఈ రోజు మన పల్లెల్లో లయన్స్ అంటే కంటి ఆపరేషన్ గుర్తుకు రావడానికి మూలం అది.

రోటరీలో చాలా ఏళ్ళు ప్రతి వారం కలవడం నియమం. ఒక వారం రాలేకపోతే ఇంకో ఊరి క్లబ్ మీటింగ్‌కు పోయి ఆ హాజరు పూడ్చుకునేవాళ్ళు. 2016లో నెలకు రెండుసార్లు కలిస్తే చాలని సడలించారు. లయన్స్ మీటింగుల్లో టెయిల్ ట్విస్టర్ అని ఒక పదవి ఉంటుంది. ఆలస్యంగా వచ్చినా, బ్యాడ్జి మరిచిపోయినా నవ్విస్తూనే జరిమానా వసూలు చేయడం ఆయన పని. ఇంకో నియమం నాకు బాగా నచ్చింది. లయన్స్‌లో జనం దగ్గర సేవ కోసం వసూలు చేసిన డబ్బు వేరే ఖాతా, క్లబ్ ఖర్చులకు సభ్యులు కట్టే చందా వేరే ఖాతా. జనం ఇచ్చిన డబ్బుతో వీళ్ళు టిఫిన్ తినకూడదు. దేవుడి సొమ్ము అంటే భయం ఉండాలి అని మన పెద్దలు చెప్పేది ఇదే కదా!

నల్లగొండలో మందుల షాపు నడుపుకునే ఒక పెద్దమనిషిని ఒకసారి అడిగాను, "ప్రతి మంగళవారం షాపు వదిలి ఆ మీటింగ్‌కు పోవడం ఎందుకండీ? మనసు కలిగినప్పుడు మీరే ఇవ్వొచ్చు కదా" అని. ఆయన నవ్వి అన్నాడు: "దయ పుట్టినప్పుడు ఇద్దామంటే, అది ఏడాదికి రెండుసార్లు పుడుతది సార్. మంగళవారమైతే వారం వారం వస్తది."

ఆ మాట నా మనసులో నిలిచిపోయింది.

గీత ఏమంటుంది?

భగవద్గీత పదిహేడో అధ్యాయంలో కృష్ణుడు దానాన్ని మూడు రకాలుగా విడదీస్తాడు. సాత్విక దానానికి ఆయన చెప్పే మొదటి గుర్తు ఏంటంటే, ఇవ్వాలి కాబట్టి ఇవ్వడం. కర్తవ్యం అనుకుని ఇవ్వడం. అదీ తిరిగి మనకేమీ చేయలేని మనిషికి, సరైన చోట, సరైన సమయంలో, అర్హత చూసి. గమనించండి, గుండె కరిగి కన్నీళ్ళు పెట్టుకుని ఇచ్చేదే సాత్వికం అని ఆయన అనలేదు. తిరిగి ఏదో వస్తుందని ఇచ్చేది, పీకులాడుతూ ఇచ్చేది రాజసం. మరి తామసం? చోటు, సమయం, పాత్రత చూడకుండా ఇచ్చేది, ఎదుటివాడికి మర్యాద లేకుండా, చులకన చేసి ఇచ్చేది.

ఇక్కడ ఆగండి. పేరు కోసం ఇచ్చినవాడు రాజసంలో పడతాడు. అవమానించి ఇచ్చినవాడు దానికంటే కిందికి, తామసంలోకి జారతాడు. అంటే గీత లెక్కలో, ఇచ్చేవాడి కీర్తి కోరిక కంటే తీసుకునేవాడికి జరిగే అవమానం పెద్ద దోషం. మనం నవ్వుకునేది మొదటి దాన్ని చూసి. పట్టించుకోవాల్సింది రెండో దాన్ని.

ఇక వారం వారం మీటింగ్ సంగతి. యాదగిరిగుట్టకు స్వాతి నక్షత్రం నాడు గిరి ప్రదక్షిణకు పోయేవాళ్ళు మీకు తెలుసు. ఆ రోజు అందరికీ భక్తి పొంగుతుందా? ఒకరికి కాళ్ళు నొప్పి, ఒకరికి ఆఫీసు టెన్షన్. అయినా పోతారు. వ్రతం అంటే అదే. మనసు బాగున్నా బాగాలేకపోయినా చేసేది. దేవుడి విషయంలో మనం ఒప్పుకునే ఈ క్రమశిక్షణను, మనిషి విషయంలో మాత్రం "మెకానికల్‌గా చేస్తున్నారు" అని తీసిపారేస్తాం. ఎందుకు?

పోచంపల్లి చెప్పే పాఠం

మనసు, రిజిస్టరు, ఈ రెండింటి బంధం అర్థం కావాలంటే మన నల్లగొండ చరిత్రలోకే పోవాలి. 1951 ఏప్రిల్‌లో, తెలంగాణ సాయుధ పోరాటం చివరి రోజుల్లో, వినోబా భావే శివరాంపల్లి సర్వోదయ సభ ముగించుకుని ఈ జిల్లాలో నడుస్తున్నారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు బతకడానికి 80 ఎకరాలు కావాలని అడిగాయి. ఎవరైనా ఇస్తారా అని వినోబా ఊరివాళ్ళనే అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అక్కడి నుంచి భూదాన ఉద్యమం దేశమంతా పాకింది. తరవాత వినోబా ప్రతి ఊళ్ళో అడిగిన తీరు చూడండి: మీకు ఐదుగురు కొడుకులుంటే నన్ను ఆరో కొడుకు అనుకోండి, నా వాటా ఇవ్వండి అని. బిచ్చం అనే మాటే రాకుండా, వాటా అని అడిగారు. తీసుకునేవాడి తల దించకుండా అడగడం అంటే అది.

కానీ ఆ తరవాత ఏమైంది? దేశమంతటా దానంగా వచ్చిన భూమిలో చాలా భాగం పేదలకు చేరనే లేదు. కొంత సాగుకు పనికిరాని నేల, కొంత కాగితాల్లో చిక్కుకుంది, కొంత వివాదాల్లో పడింది. లేచి నిలబడి ఇస్తానన్న ఆ క్షణం నిజంగా గొప్పది, దానికి దండం పెట్టాల్సిందే. అయితే ఆ క్షణం తరవాత పట్టా ఎవరి పేరున ఎక్కింది, నాగలి కట్టాడా లేదా అని వారం వారం కూర్చుని అడిగేవాళ్ళు కూడా కావాలి. హృదయం దానాన్ని పుట్టిస్తుంది, రిజిస్టరు దాన్ని బతికిస్తుంది.

ఫ్లోరైడ్ కథ కూడా అంతే. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారు చేసిన పద్ధతికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అనే పేరు. పటిక, సున్నం కొలత ప్రకారం వేసి, కలిపి, తేరుకున్నాక నీళ్ళు వంచుకోవడమే. చాలా సులువు. అందులోని కష్టం ఒక్కటే: రోజూ ఎవరో ఒకరు చేయాలి. రోజూ కొలవాలి, రోజూ కలపాలి. ఎవరో దాతలు పెట్టించిన నీళ్ళ ప్లాంట్లు కొన్ని పల్లెల్లో చూశాను. ఫిల్టర్ మార్చేవాళ్ళు లేక మిషన్ ఆగిపోయింది, దాత పేరున్న పాలరాయి మాత్రం మెరుస్తూనే ఉంది.

మరి ఫోటో సంగతి?

"పాతకాలంలో ఇట్లా పబ్లిసిటీ ఉండేదా?" అంటారు. ఉండేది. నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూడ్డానికి పోయినప్పుడు అక్కడి శాసనాలు కూడా చూడండి. మన రాజులు, సామంతులు, వర్తకులు దానం చేస్తే రాతి మీద చెక్కించారు. తమ పేరు, బిరుదులు అన్నీ! అయితే దాన శాసనంలో ఏం రాస్తారో గమనించండి. ఎవరు ఇచ్చారు, ఏం ఇచ్చారు, దేనికి ఇచ్చారు, భూమి అయితే దాని హద్దులు ఏంటి. చివర్లో చాలాసార్లు ఒక శాపం: దీన్ని ఎవరైనా కాజేస్తే ఫలానా పాపం తగులుతుందని. అంటే ఆ రాయి దానానికి కాపలా. అది నిలబెట్టేది ఇచ్చినవాడి మాటను. తీసుకున్నవాడు ఎంత పేదవాడో, ఎట్లా తల దించుకున్నాడో చెక్కించరు.

తైత్తిరీయ ఉపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించుకుని ఇంటికి పోయే శిష్యుడికి గురువు దానం ఎలా చేయాలో చెప్తాడు. శ్రద్ధతో ఇవ్వమంటాడు, కలిగినంతలో ఇవ్వమంటాడు, భయంతో, తెలివితో ఇవ్వమంటాడు. వీటి మధ్యలో ఇంకో మాట ఉంది: సిగ్గుతో ఇవ్వమంటాడు. ఎవరికి ఉండాలి సిగ్గు? ఇచ్చేవాడికి. నా దగ్గర ఇంత ఉండి ఇంతే ఇస్తున్నానే అన్న సంకోచం. ఇప్పుడు మళ్ళీ ఆ దుప్పటి ఫోటో తలుచుకోండి. ఇచ్చే పది మందీ నిటారుగా ఉన్నారు, తీసుకునే ఆమె తల దించుకుంది. ఉపనిషత్తు మన మీద పెట్టిన సిగ్గును మనం తీసి ఆమె మీద కప్పాం, దుప్పటితో పాటు.

కాబట్టి నా జవాబు ఇది. ఫోటో దిగితే మీ పుణ్యం పోతుందో లేదో ఆ పైవాడు చూసుకుంటాడు. కానీ ఆమె మర్యాద పోతుందా లేదా అన్నది మనం ఇక్కడే చూసుకోవచ్చు. ఆమెను అడిగితే తెలుస్తుంది.

పాలమూరు పల్లెలో ఒక కంటి శిబిరంలో ఒక అవ్వ నాతో అంది: "ఫోటో దిగుడైతే అయింది గని బిడ్డా, ఈ చుక్కల మందు దినాం ఎన్నిసార్లు ఏసుకోవాల్నో ఎవ్వలు చెప్పలే." శుక్లం ఆపరేషన్‌లో డాక్టర్ పని కొద్ది నిమిషాలు. ముందు ఊళ్ళో కళ్ళు చూడాలి, షుగరు, బీపీ చూడాలి, బస్సులో తీసుకుపోవాలి, తీసుకురావాలి. తరవాత వారాల తరబడి చుక్కలు, మళ్ళీ చెకప్. పట్టీ విప్పిన రోజు ఫోటో ఉంటుంది. నాలుగో వారం ఆమె ఇంటికి పోయి "అవ్వా, చుక్కలు అయిపోయాయా? కన్ను ఎర్రగా ఉందా?" అని అడిగిన రోజుకు ఫోటో ఉండదు. సేవ ఎక్కువగా ఉండేది ఆ ఫోటో లేని రోజుల్లోనే. వారం వారం మీటింగ్ ఉన్న క్లబ్‌కు ఆ నాలుగో వారం గుర్తుంటుంది. పండగకో పుట్టినరోజుకో ఒకసారి ఇచ్చి వెళ్ళిపోయే మనకు గుర్తుండదు.

"ఫోటో లేకపోతే చందా ఇచ్చినవాళ్ళు నమ్మరండీ, పైవాళ్ళకు రిపోర్ట్ పంపాలి" అని క్లబ్ వాళ్ళు అంటారు. అదీ నిజమే. లెక్క చూపాలి, శాసనం చేసిన పని కూడా అదే. అయితే పని ఫోటో తీయండి, మనిషి దీనత్వం వద్దు. ఎన్ని కళ్ళు చూశారు, ఎన్ని ఆపరేషన్లు అయ్యాయి, ఎంతమంది మళ్ళీ చెకప్‌కు వచ్చారు, ఎంత ఖర్చయింది, ఇవి బోర్డు మీద రాయండి. మనిషి ఫోటోలో ఉండాలంటే ఇచ్చిన తరవాత కాకుండా ముందే అడగండి. వస్తువు చేతిలో పట్టుకున్నాక "వద్దు" అనడం ఎవరి వల్లా కాదు.

చివరిగా నా మాట మీకు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని ఇది చదువుతున్న మీకు. ఆ ఫోటో చూసి నవ్వడం తేలిక. కానీ మీ ఊళ్ళో ఆ మంగళవారం మీటింగ్‌కు వచ్చేవాళ్ళలో చాలామందికి అరవై దాటాయి. వాళ్ళ షోను మీరు వద్దనుకుంటే సరే, వాళ్ళ రిజిస్టరును మాత్రం వదలకండి. దసరాకు ఊరికి పోయినప్పుడు ఒక్క మీటింగ్‌కు వెళ్ళి వెనక వరసలో కూర్చోండి. లేదా మీరే ఒక నలుగురు కలిసి ఒక వారం, ఒక రోజు, ఒక పని అని పెట్టుకోండి. ఇచ్చే మొత్తం చిన్నదైనా పర్వాలేదు, ఆ రోజు మాత్రం తప్పకూడదు. ఇచ్చేటప్పుడు ఒక్కటి చూసుకోండి: ఎదుటి మనిషి మీ కళ్ళలోకి చూడగలుగుతున్నాడా?

చూడగలిగితే, ఆ దానం సరైన దారిలో ఉన్నట్టే.

శుభం.