ఘాటు మాన్పుట సంస్కారమగునా?

తమిళనాట కోవిల్‌పట్టి నుండి విరుదునగరము వరకు పరచుకొన్న నల్లరేగడి సీమలో, ఇంట తెలుగును వీధిలో తమిళమును మాటలాడుచు తరతరములుగా బ్రతుకుచున్న కమ్మవారు, రెడ్లు, రాజకంబళమువారు ఉన్నారు. ఇడైసెవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' అను తమిళ నవలలో చెప్పినది వీరిలో కమ్మవారి వలసకథయే. తాటిచెట్టును బెల్లమును ఎరిగిన ఆ సీమవారి ముందుంచదగిన ధర్మసందేహమొకటి కలదు. ఇంటిబట్టీలో దిగిన సారా గొంతును మండించును గనుక, అందు బెల్లపుపాకమో ఏలకిపొడియో నారింజతొక్కో చేర్చి మెత్తబరచుదురు. ఇది ఆ ద్రవ్యమునకు సంస్కారమగునా, లేక త్రాగువానికి వంచనయగునా?

శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్రముల నాలుగవ సూత్రమునకు భాష్యము వ్రాయుచు, సంస్కారమనునది లేని గుణమును చేర్చుటవలననో ఉన్న దోషమును తొలగించుటవలననో కలుగునని నిర్ణయించిరి. మోక్షము అట్టి సంస్కారముచే సాధింపబడునది కాదని నిరూపించుటకు వారు చెప్పిన ఆ విభాగము మన సందేహమునకును వెలుగు చూపును. సారాను బొగ్గులగుండ వడియగట్టుట కొంతవరకు దోషమును తీయుటయే. తీపి చేర్చుట మాత్రము, దోషమును ఉన్నచోటనే ఉంచి దానిపై గుణమును కప్పుట. మిథనాల్ అను విషము ఏ మార్గమున అందు చేరినను బొగ్గునకు లొంగదు, బెల్లమునకు లొంగదు, నాలుకకు తెలియదు. దేహములో అది ఫార్మిక్ ఆమ్లముగా మారి కంటినరమును చెరుచును. 2024 జూన్‌లో కళ్ళకుఱిచ్చిలో అది కలిసిన సారా త్రాగి 60 మందికి పైగా మరణించిరి.

భారతము ఆదిపర్వమునందలి కచుని కథను ఈ కోణమునుండి మరల చదువవలెను. రాక్షసులు కచుని చంపి కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యునకు ఇచ్చిరి. మృతసంజీవని నెరిగిన ఆ మహానుభావుడు తన శిష్యునే త్రాగి, త్రాగినట్లు ఎరుగడయ్యెను. తెలిసిన పిమ్మట ఆయన సురాపానమును నిషేధించుట కేవలము మత్తునకై కాదనియు, లోనిదానిని దాచిపెట్టినందుకే యనియు నాకు తోచుచున్నది. గొంతులోని మంట మిథనాలును పట్టియీయలేకున్నను, సారా తీవ్రతను గూర్చి దేహము తనకు తాను చెప్పుకొను హెచ్చరిక. దాని నోరు నొక్కుటను సంస్కారమనరాదు.

ఆయుర్వేదపు ఆసవారిష్టములలోను బెల్లము లేదా యని వైద్యులు అడుగవచ్చును. ఉన్నది, కాని అచ్చట బెల్లము పులియుటకు ఆధారము, మందు మోతాదునకు లోబడినది.

నిజమైన సంస్కారమును చూడగోరినచో ఆ దక్షిణసీమ తాటితోపులకు పోవలెను. కల్లుగీయువాడు గెల కొనను చెక్కి కట్టు ముంతకు లోపల సున్నము పూయును. ఆ సున్నమే రసమును పులియనీయదు. తెల్లవారి దించిన ఆ పులియని రసమును, అనగా పదనీరును, వెడల్పుపెనములో గంటలకొలది కాచి, ముదిరిన పాకమును కొబ్బరిచిప్పలలో పోయగా గట్టిపడి కరుపట్టి యను తాటిబెల్లమగును. సున్నము లేనినాడు ఆ రసమే కొన్ని గంటలలో కల్లగును. ఒకే చెట్టు, ఒకే రసము. భేదమంతయు రసము పుట్టకముందే ముంతకు జరిగిన సంస్కారమునందున్నది. ఇట్టి తాటివృత్తినుండి వర్తకమునకెక్కిన నాడారుల పట్టణమే విరుదునగరము. 1903లో అచ్చట పుట్టిన కామరాజు 1954 నుండి 1963 వరకు ముఖ్యమంత్రియై, 1948 అక్టోబరు 2 నుండి రాష్ట్రమంతట అమలైన మద్యనిషేధమును సడలనీయలేదు. అది 1971లో తొలగినది. నిషేధపు మంచిచెడ్డలు ఇచ్చట నా విషయము కాదు. గ్రామదేవుడైన కరుప్పసామి ముందు సారా ఉంచు భక్తులతోను నాకు తగవు లేదు, ఏలయన వారు దేవునికడ ఏదియు దాచుటలేదు.

మెత్తగా దిగినది మంచి సారా యని చెప్పువాని మాట నమ్మవద్దని ఆ సీమలోని తెలుగు కుటుంబములవారిని వేడుకొనుచున్నాను. త్రాగినవానికి నాడో మరునాడో చూపు మసకబారినను, కడుపునొప్పి పుట్టినను, మజ్జిగ పోసి పరుండబెట్టక, పోలీసుల భయమును ప్రక్కనబెట్టి, ఆ క్షణమే పెద్దాసుపత్రికి తీసికొనిపొండు. విరుగుడు ఉన్నది, కాని ఆలస్యమైనచో అది పోయిన చూపును తేలేదు.