కాలిన సామాను ఎవరు పారవేయాలి?



చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో బ్రతుకుతెరువు కొరకు స్థిరపడిన మన కుటుంబాల్లో ఒకరి ఇల్లు కొన్నేళ్ళ క్రితం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. సంఘంగా మేము పరుగెత్తుకొని వెళ్ళాము. మసిపట్టిన సామానంతా దిబ్బలో వేయించాము. రెండు దినాలు తిరిగి చందాలు పోగుచేసి కొత్త పాత్రలు, దుప్పట్లు, ఒక మిక్సీ కొని ఇచ్చాము. ఆ ఇంటి అవ్వ అన్నీ తీసుకొని, “అయ్యా, మా ఇంటాయన చేతిగడియారం ఏడ పెట్టినారు?” అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

కాలిన వాటిలో ఏది పనికివస్తుందో, ఏది పనికిరాదో తీర్పు చెప్పే అధికారం ఎవరిది?

తరువాత బెంగళూరులో గడియారాలు బాగుచేసే ఒక అంగడిలో చిన్న స్టీలు తొట్టిని చూశాము. దానిని అల్ట్రాసోనిక్ క్లీనర్ అంటారు. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకే వినగలదు. ఇలాంటి తొట్లు సాధారణంగా 40,000 కంపనాలతో పనిచేస్తాయి. ఆ శబ్దం నీటిలో లెక్కలేనన్ని సన్నని బుడగలు పుట్టించి పగులగొడుతుంది. కుంచె దూరని పళ్ళచక్రాల సందుల్లోనుండి కూడా మసి, జిడ్డు రాలిపోతాయి. పొగబారిన సెల్‌ఫోన్, టీవీల సర్క్యూట్ బోర్డులను కూడా ఇలాగే కడిగి, పూర్తిగా ఆరబెట్టిన తరువాతే కరెంటు ఇస్తారు.

దీనికి హద్దులున్నాయి. కరిగిపోయిన దానిని ఇది తిరిగి ఇవ్వలేదు. ముత్యాలను ఇందులో వేయకూడదు. ఆలస్యం కూడా పనికిరాదు. కరెంటు తీగలపై ఉండే పి.వి.సి. తొడుగు కాలితే వచ్చే పొగ తేమతో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లమై లోహాన్ని తినివేస్తుంది. గనుక మొదటి దినాలే ముఖ్యం. ఆ దినాలనే మేము కొత్తవి కొనడానికి ఖర్చుచేశాము.

పాతది శుభ్రం చేయించే ఖర్చుతో కొత్తదే వస్తుంది గదా అని కొందరు అంటారు. మిక్సీ విషయంలో అది నిజమే. పొగలో వేడెక్కిన ఆహారాన్ని, మందులను అడగకుండానే పారవేయాలి, అది ప్రాణానికి సంబంధించిన మాట. కాని గడియారం విలువ అంగడివాడు చెప్పేది కాదు, మేము చెప్పేదీ కాదు. ఆ అవ్వ పారవేయమంటే పారవేసేవాళ్ళం. మేము అడగలేదు. ఇచ్చేవారమన్న ధైర్యంతో, పుచ్చుకొనేవారికి నోరుందని మరచిపోయాము.

ప్రతివాని పనిని అగ్ని పరీక్షిస్తుందని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో చెబుతాడు. ఆ దినం ఇల్లు కాలింది వారిది, పరీక్షలో తప్పినది మా పని.

ఇకముందు ఇటువంటి ఆపద వచ్చిన ఇంటికి వెళ్ళినప్పుడు, మొదట ఆ ఇంటివారి ప్రక్కన కూర్చుందాము. వారు చూపించినవాటిని ఒక గుడ్డలో మూటగట్టి భద్రపరచుదాము. చందాల పుస్తకం ఆ తరువాతే తెరుద్దాము.

అట్టి వినయమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.