పక్షాభిమానము

పలనాటి బాలురకు బాలచంద్రుఁడే ప్రథమ వీరుఁడు. మలిదేవ నలగాముల దాయాదివైరము, కోడిపోరు, కారెమపూడి రణము విన్నంతనే బాలుఁడొక పక్షము చేకొనును: బ్రహ్మనాయుఁడు ధర్మమూర్తి, నాగమ్మ దుష్టురాలు. వయసు ముదిరినకొలఁది ఆ కథయే వేఱొక రీతిగాఁ దోఁచును. కుమారుని ఆపఁజాలని తల్లి ఐతాంబయు, ఖడ్గమిచ్చి పతిని సాగనంపిన మాంచాలయు, నేలఁ గూలిన ఇరుపక్షముల వీరులును కంటఁ బడుదురు.

విజ్ఞులారా! మన రాజకీయ పక్షాభిమానము ఆ బాల్యదశను దాఁటినదా? 2024 మే 13వ తేదీ పోలింగునాఁడును, పిదపను మాచర్ల, నరసరావుపేటలయందుఁ గలహములు చెలరేఁగఁగా, ఎన్నికల సంఘము పలనాడు జిల్లా కలెక్టరును బదిలీచేసి, ఎస్పీని సస్పెండు చేసెను. దెబ్బ మనవానిదైనఁ బౌరుషము, ఎదుటివానిదైన దౌర్జన్యము అనుట కోడిపోరు వినిన బాలుని తీర్పే కదా!

ఇది తెలిసి పక్షములను రోయుట సహజము. కాని విరక్తియే వివేకము గాదు. రోసి యింటఁ గూర్చుండు సజ్జనుఁడు ఊరిని కఱ్ఱ పట్టినవానికే అప్పగించును. బాల్యకథను పాఱవేయఁ బనిలేదు. సకలకులములవారును ఒక్కచోఁ గూర్చుండి భుజించిన చాపకూడును ఆ కథయందే కలదు. ఖడ్గమును కథకే విడిచి, ఆ పంక్తిలో ఎదుటి పక్షమువానికిఁ జోటిచ్చుటయే పెద్దఱికము.